కొరాపుట్‌లో నిర్వాసితుల పరిశోధన కేంద్రం పెట్టాలంటే

ఒడిశాలోని కొరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ, గజపతి జిల్లాల్లో పాఠాలు చెబుతున్న తెలుగు అధ్యాపకులకో, అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలకో ‘మన యూనివర్సిటీలో శరణార్థులు, నిర్వాసితుల మీద ఒక పరిశోధన కేంద్రం ఉంటే బాగుండు’ అనిపిస్తే ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను. భవనం, బోర్డు, అంతర్జాతీయ సెమినార్ చివరి పనులు. మనవాళ్లు సాధారణంగా వాటితోనే మొదలుపెడతారు. ప్రారంభోత్సవం ఫొటో పేపర్లో పడుతుంది, రెండేళ్లకు గదికి తాళం పడుతుంది. కాగితాలతో, మనుషులతో మొదలుపెట్టిన కేంద్రం గది లేకపోయినా నడుస్తుంది.

ముందు పరిధి తేల్చుకోండి

ఈ కొండల్లో బలవంతపు వలస ఒక రకంగా జరగలేదు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి శిబిరాల్లో ఉన్న కుటుంబాలను ఇక్కడికి తెచ్చి స్థిరపరచడానికి కేంద్ర ప్రభుత్వం 1958లో దండకారణ్య అభివృద్ధి సంస్థను పెట్టింది. దేశపు మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ దానికీ అధ్యక్షుడిగా పనిచేశారు. మల్కన్‌గిరి వైపు ఎంవీ అనే అక్షరాల పక్కన నంబర్లతో పిలిచే ఊళ్లన్నీ ఆ ప్రాజెక్టు వేసినవే. ఆ వచ్చినవాళ్లలోనే వేలమంది 1978లో ఇక్కడి నుంచి బయల్దేరి సుందరబన్స్‌లోని మరిచ్‌ఝాపికి వెళ్లారు. 1979లో అక్కడి నుంచీ వాళ్లను బలవంతంగా ఖాళీ చేయించారు.

బెంగాలీ కుటుంబాలకు ఊళ్లు కడుతున్న ఆ దశాబ్దాల్లోనే ఇక్కడి ఆదివాసుల ఊళ్లు నీళ్లలో మునిగాయి. జలపుట్ జలాశయంతో మాచ్‌ఖండ్‌లో 1955లో కరెంటు మొదలైంది. తర్వాత బలిమెల, ఎగువ కొలాబ్ వచ్చాయి. సునాబెడలో విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీకి, దమంజోడిలో నాల్కో అల్యూమినియం కంపెనీకి భూములు పోయాయి. బలిమెల నీళ్లు చుట్టుముట్టిన చిత్రకొండ కటాఫ్ ఏరియా ఊళ్లకు రోడ్డు దారి 2018లో గురుప్రియ వంతెన పూర్తయ్యాకే వచ్చింది.

ఇంకా ఉన్నాయి. పర్లాకిమిడికి పైన చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్ల సెటిల్‌మెంట్ ఉంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ ఆదివాసులు అడవులు దాటి ఖమ్మం వైపు వచ్చేశారు. 2008లో కంధమాల్ అల్లర్ల వల్ల వేలమంది ఇళ్లొదిలి శిబిరాలకు చేరారు. ఒకప్పుడు గోపాలపూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్లిన గంజాం కూలీల వారసుల్లో, 1942లో బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ల కుటుంబాలూ ఉన్నాయి. పోలవరం వెనుక జలాలు మోటు వైపు ఎంత దూరం వస్తాయన్నది ఒడిశా సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లిన వివాదం.

వీటన్నిటినీ ఒక పట్టికగా రాసుకోండి: ఎవరు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ ఏడాది, ఎవరి ఉత్తర్వుతో. చివర్లో ఇంకో గడి తప్పనిసరిగా పెట్టండి, ఇప్పుడు వాళ్ల చేతిలో ఏ కాగితం ఉంది అని. పరిశోధన ఎక్కడ మొదలుపెట్టాలో ఆ గడే చెబుతుంది. టిబెటన్ల దగ్గర రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంటుంది, వాళ్లకోసం 2014లో కేంద్ర ప్రభుత్వం ఒక పునరావాస విధానం ప్రకటించింది. బెంగాలీ కుటుంబాల కథ పౌరసత్వ చట్టంతో ముడిపడింది. డ్యాముల్లో భూమి పోయినవాళ్లది 1894 నాటి భూసేకరణ చట్టం కింద నడిచిన ఫైలు. 2013 చట్టం వచ్చేనాటికే వాళ్ల ఊళ్లు మునిగి దశాబ్దాలైంది. అల్లర్లకో, కాల్పులకో ఇల్లొదిలి దేశంలోనే ఉన్నవాళ్ల విషయంలో ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది కానీ అవి ఏ ప్రభుత్వాన్నీ కట్టిపడేయవు. శరణార్థుల విషయంలో 1951 ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ మన దేశం సంతకం చేయలేదు, ప్రత్యేక చట్టం కూడా లేదు. అందుకని ఒక్కో సమూహం ఫైలు ఒక్కో ఆఫీసులో ఉంటుంది. కేంద్రం పేరులో శరణార్థులను మాత్రమే పెడితే సగం జిల్లా బయటే మిగిలిపోతుంది.

అన్నీ ఒకేసారి ఎత్తుకోకండి, రెండు చాలు. నన్నడిగితే దండకారణ్యం సెటిలర్లనూ, మాచ్‌ఖండ్-బలిమెల నిర్వాసితులనూ కలిపి తీసుకోమంటాను. ఒకే నేల మీద, ఇంచుమించు ఒకే కాలంలో ప్రభుత్వం ఒకరిని తెచ్చి కూర్చోబెట్టింది, ఇంకొకరిని లేపింది. దండకారణ్యం ప్రాజెక్టులో అడవి కొట్టి సాగులోకి తెచ్చిన భూమిలో 25 శాతం స్థానిక ఆదివాసులకు ఇవ్వాలన్నది నిబంధన. అది ఏ బ్లాకులో ఎంతవరకు అమలైందో తేల్చడమే ఒక పీహెచ్‌డీ. మల్కన్‌గిరిలో కోయలకూ, బెంగాలీ సెటిలర్లకూ మధ్య భూమి గొడవలు ఇప్పటికీ రాజుకుంటూనే ఉన్నాయి కాబట్టి ఇది పాత చరిత్ర అని ఎవరూ అనలేరు.

యూనివర్సిటీలో అనుమతి

సునాబెడలోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం 2009 నాటి పార్లమెంటు చట్టం కిందది. అక్కడ అకడమిక్ కౌన్సిల్, ఆ తర్వాత ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ ఒప్పుకోవాలి. బరంపురం యూనివర్సిటీ, జయపురంలోని విక్రమ్‌దేవ్ యూనివర్సిటీ రాష్ట్ర ప్రభుత్వానివి. వాటిలో అకడమిక్ కౌన్సిల్, సిండికేట్. (ఆంధ్రా యూనివర్సిటీకి లక్షల రూపాయలు విరాళమిచ్చిన జయపురం మహారాజా విక్రమదేవ వర్మ పేరే ఇక్కడా ఉంది. మనవాళ్లకు ఆ పేరు విశాఖ నుంచే తెలుసు.)

కొత్త పోస్టులు, కొత్త భవనం అడిగే ప్రతిపాదన ఫైనాన్స్ కమిటీ దగ్గర ఆగిపోతుంది. మొదట సోషియాలజీలోనో, ఆంత్రోపాలజీలోనో, చరిత్రలోనో ఒక విభాగంగా, కొత్త పోస్టులు లేకుండా, మూడేళ్లకు సమీక్ష చేసుకునే షరతుతో అడగండి. నోట్ ఐదు పేజీలు దాటకూడదు: ఎందుకు ఇక్కడే, మొదటి మూడేళ్లు ఏం చేస్తారు, ఎవరెవరు ఉంటారు, డబ్బు ఎక్కడి నుంచి, పరిశోధన వల్ల జనానికి హాని జరగకుండా చూసే నైతిక కమిటీ ఎలా ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో 1982లో మొదలైన శరణార్థి అధ్యయన కేంద్రం, 1995 నుంచి ఢాకాలో ఉన్న వలసల పరిశోధన యూనిట్, 1996 నుంచి నడుస్తున్న కలకత్తా రీసెర్చ్ గ్రూప్ పాఠ్యప్రణాళికలు చూడండి గానీ ఎత్తి రాయకండి. వాళ్లకు పెద్ద లైబ్రరీలున్నాయి, మీకు సాక్షులు బతికి ఉన్నారు. నోట్‌లో ఆ వాక్యం పనికొస్తుంది. ఆ సాక్షులకు వయసైపోతోంది కాబట్టి తొందర ఎందుకో కూడా అదే చెబుతుంది.

కౌన్సిల్ మీటింగ్ తేదీ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే కనుక్కోండి. అజెండాలో ఎక్కకపోతే ఇంకో ఆరు నెలలు టెన్షన్. ఒప్పుకున్నాక మినిట్స్ కాపీ సంతకంతో తీసుకుని దాచండి. వైస్ ఛాన్సలర్ మారిన రోజు ఆ కాగితం అవసరపడుతుంది.

కాగితాల వేట

ఇక్కడే తెలుగు తెలిసినవాళ్లకు ఎవరికీ లేని వీలుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. జయపురం జమీందారీ వ్యవహారాలు, ఏజెన్సీ ఫైళ్లు, కౌలు కాగితాలు, రసీదులు, అర్జీల్లో చాలావాటి భాష తెలుగు. భువనేశ్వర్ నుంచి వచ్చే పరిశోధకుడు వాటిని పక్కన పెట్టేస్తాడు. హైదరాబాద్ నుంచి వచ్చేవాడికి అవి ఇక్కడ ఉన్నాయనే తెలియదు. మునిగిన భూమి అంతకుముందు ఎవరి సాగులో ఉందో చెప్పే ఆధారం ఆ గొలుసుకట్టు రాతలో, అంటే అక్షరాలు కలిపి రాసే పాత తెలుగు రాతలో, ఉండొచ్చు. ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు గొలుసుకట్టు చదవడం నేర్పించండి. పాత కరణాల కుటుంబాల్లో చదవగలిగిన పెద్దవాళ్లు ఇంకా దొరుకుతారు. గౌరవవేతనం ఇచ్చి పిలవండి. ఒడియా పాత రికార్డులకు కరణి లిపి వచ్చినవాళ్లు కూడా కావాలి.

ఎక్కడెక్కడ వెతకాలో చెబుతాను. 1936కు ముందువి చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో. తర్వాతివి భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, కలెక్టరేట్ రికార్డు రూముల్లో. మల్కన్‌గిరి, రాయగడ, నవరంగపూర్ 1992 అక్టోబరులో విడిపోయి జిల్లాలయ్యాయి గనక అంతకుముందు కాగితాల కోసం మల్కన్‌గిరి వెళ్లి బస్సు ఛార్జీ దండగ చేసుకోకండి, కొరాపుట్‌లోనే అడగండి. పునరావాస శాఖ ఫైళ్లు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో. దండకారణ్యం నుంచి కుటుంబాలు వెళ్లిపోవడం మీద లోక్‌సభ అంచనాల సంఘం 1978-79లో ఇచ్చిన నివేదిక పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో వెతకండి. మాచ్‌ఖండ్, బలిమెల ఆంధ్ర-ఒడిశా ఉమ్మడి ప్రాజెక్టులు కాబట్టి కొన్ని కాగితాలు ఆంధ్ర వైపు ఆఫీసుల్లో ఉంటాయి.

కలెక్టరుకు ఉత్తరం రిజిస్ట్రార్ ద్వారా వెళ్లాలి, మీ పేరుతో కాదు. ‘నిర్వాసితుల రికార్డులన్నీ చూపించండి’ అని రాస్తే ‘అందుబాటులో లేవు’ అని జవాబొస్తుంది. ఏ ప్రాజెక్టు, ఏ ఊరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు అని రాయండి. రికార్డు కీపరుతో మర్యాదగా ఉండండి. ఏ బీరువాలో ఏముందో ఆ ఆఫీసులో ఆయనకే తెలుసు. అయినా దొరక్కపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఒడిశాలో దానికి ఫారం ‘ఏ’ నింపాలి, తెల్లకాగితం మీద రాస్తే తిప్పి పంపే అవకాశం ఉంది.

ఇళ్లలో దొరికే కాగితాల విషయంలో ఒక్కటే రూలు: అసలు కాగితం ఆ ఇంటి గడప దాటకూడదు. స్కానర్ మీరే తీసుకెళ్లండి, అక్కడే స్కాన్ చేసి అక్కడే ఇచ్చేయండి, ఒక ప్రింటు కూడా ఇవ్వండి. ఏ కాగితం ఎవరింట్లో, ఏ తేదీన చూశారో రిజిస్టరులో రాయండి. ‘రేపు తెచ్చిస్తాం’ అని పట్టా తీసుకెళ్లి తిరిగి రాని మనుషుల్ని ఈ ఊళ్లు చాలామందిని చూశాయి.

జనాభా లెక్కల మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. 2011 సెన్సస్‌లో ఊరు మారడానికి కారణాలుగా పని, వ్యాపారం, చదువు, పెళ్లి, పుట్టాక మారడం, కుటుంబంతో మారడం, ఇతరాలు అనే గడులున్నాయి. డ్యాములో ఊరు పోయినవాడికి గడి లేదు, అతను ‘ఇతరాలు’లోకి పోతాడు. భాషల పట్టికలు మాత్రం బాగా పనికొస్తాయి.

ఎవరిని తీసుకోవాలి

పెద్ద డిగ్రీల కంటే ముందు భాషలు చూడండి. కొరాపుట్ కొండల్లో సంతలో అందరూ మాట్లాడేది దేసియా. దాని పక్కన కువి, గదబ, బోండా, మల్కన్‌గిరిలో కోయ, సెటిలర్ల ఊళ్లలో బెంగాలీ. ప్రతి సమూహం నుంచి ఇంటర్‌ చదివిన ఒక అమ్మాయి, ఒక అబ్బాయి దొరికితే కేంద్రం సగం నిలబడ్డట్టే. వాళ్లకు రోజువారీ డబ్బు సమయానికి ఇవ్వండి. పేపర్ రాసినప్పుడు వాళ్ల పేరు కింద ‘సహకారం’ అని కాకుండా రచయితల్లో పెట్టండి, వాళ్లు వద్దంటే తప్ప. ఆడవాళ్లతో ఆడవాళ్లే మాట్లాడాలి.

మనవాళ్లకు కొంచెం ఇబ్బందిగా ఉండే మాట ఒకటుంది. ఈ కొండల్లో తెలుగు మాట్లాడేవాడంటే చాలామంది ఆదివాసులకు గుర్తొచ్చేది సాహుకారు, కాంట్రాక్టరు, కోస్తా నుంచి వచ్చి భూమి చేజిక్కించుకున్న రైతు. షెడ్యూల్డు ఏరియాలో ఆదివాసి భూమి బయటివాళ్లకు పోకుండా 1956లో ఒడిశా ఒక రెగ్యులేషన్ చేయాల్సి వచ్చిందంటే ఊరికే కాదు. కాబట్టి తెలుగు వ్యాపారి ఇంట్లో బస చేసి, ఆయన జీపులో దిగి, నిర్వాసితుల్ని ప్రశ్నలడగకండి. బస స్కూల్లోనో, పంచాయతీ ఆఫీసులోనో పెట్టుకోండి. ముందు పల్లీ సభలో, అంటే ఊరి సభలో, వచ్చిన పని చెప్పండి. వాళ్లు కాదంటే వెనక్కి రండి.

మాట తీసుకోవడం, దాచడం

దీనికి తొందర పడకండి. పల్లెల్లో సంతకం అంటే భయం, వేలిముద్ర అంటే ఇంకా భయం. వాళ్ల తాతలు వేసిన వేలిముద్రలతోనే భూములు పోయాయి. అందుకని నోటి మాటగా అంగీకారం తీసుకుని రికార్డు చేసే పద్ధతికి నైతిక కమిటీ అనుమతి ముందే రాయించుకోండి. అంగీకారం అడిగేటప్పుడు ఈ విషయాలు వాళ్ల భాషలో చెప్పాలి: మేము ప్రభుత్వం కాదు, దీనివల్ల పరిహారం రాదు, మధ్యలో ఆపేయొచ్చు, తర్వాత కూడా తీసేయమనొచ్చు. రెండోది ఎన్నిసార్లు చెప్పినా చాలదు. పరిహారం ఆశతో ఇచ్చిన సమాధానాల్లో ఎకరాలు పెరుగుతాయి, అప్పుడు మీ పరిశోధనా పాడవుతుంది, వాళ్ల నమ్మకమూ పోతుంది.

ఆధార్, ఓటరు కార్డు ఫొటోలు తీయకండి. ముఖ్యంగా సెటిలర్ల ఊళ్లలో. ఎవరి తాత ఏ ఏడాది సరిహద్దు దాటాడన్న సమాచారం ఒక లాప్‌టాప్‌లో పేర్లతో సహా ఉండటం, అది ఎవరి చేతిలో పడినా ప్రమాదమే. పేరున్న జాబితా వేరే, ఇంటర్వ్యూ వేరే ఉంచండి. రెండింటినీ కలిపే కోడ్ షీటు ఒక్కరి దగ్గరే, పాస్‌వర్డుతో ఉండాలి. కటాఫ్ ఏరియా, బస్తర్ సరిహద్దు ఊళ్ల ఇళ్ల లొకేషన్లు ఫోనులో ఆటోమేటిక్‌గా నమోదవుతాయి, ఫొటోలు తీసే ముందు అది ఆపేయండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో పరిశోధనకు కొంత మినహాయింపు ఉంది. అంతమాత్రాన ఏమైనా దాచుకోవచ్చని కాదు. పోలీసులో, ఇంకో ఆఫీసో జాబితా అడిగితే ఎవరు, ఎలా జవాబివ్వాలో ముందే రాతపూర్వకంగా నిర్ణయించుకోండి. ఆ రోజు ఫీల్డులో ఉన్న పిల్లాడు నిర్ణయించే పరిస్థితి రాకూడదు.

డబ్బు

మొదట సామాజిక శాస్త్రాల పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ మండలి ఐసీఎస్‌ఎస్‌ఆర్‌కు ఒక చిన్న ప్రాజెక్టు రాయండి. ఒక స్కానర్, ఇద్దరు ఫీల్డు సహాయకులు, ప్రయాణ ఖర్చులు అంతే. విదేశీ డబ్బు అంటే విదేశీ విరాళాల చట్టం ఉంది. 2020 సవరణ తర్వాత ఆ డబ్బును ఇంకో సంస్థకు పంచడానికి వీల్లేదు కాబట్టి స్థానిక స్వచ్ఛంద సంస్థకు కొంత ఇస్తామని ఒప్పందం రాసుకోకండి. మీ యూనివర్సిటీకి ఏది వర్తిస్తుందో ఫైనాన్స్ ఆఫీసరు చేత రాతలో తీసుకోండి.

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు ఇక్కడ సులువుగా దొరికేలా కనిపిస్తుంది. మీరు లెక్క తీయబోయే ఊళ్లను లేపిన కంపెనీ దగ్గరే డబ్బు తీసుకుంటే మీ నివేదికను నిర్వాసితులు నమ్మరు, కోర్టూ నమ్మదు. నేనైతే తీసుకోను. బస్సుకో, లైబ్రరీ పుస్తకాలకో యూనివర్సిటీ తీసుకుంటే అది వాళ్లిష్టం, కేంద్రం ఖాతాలోకి రానివ్వకండి.

మొదటి ఏడాది పని

ఒకే పని పెట్టుకోండి: ఊళ్ల రిజిస్టరు. ఎంచుకున్న రెండు బ్లాకుల్లో మునిగిన, లేచిపోయిన, కొత్తగా వేసిన ప్రతి ఊరికీ ఒక పేజీ. పాత పేరు, కొత్త పేరు లేదా నంబరు, ఎప్పుడు కదిలింది, జనం ఎక్కడెక్కడికి చెదిరారు, ఏ ఫైలు ఎక్కడుంది, మాట్లాడగల పెద్దలు ఎవరెవరు. మునిగిన ఊరి జనం నాలుగైదు చోట్లకు చెదిరిపోయి ఉంటారు, కొందరు ఆంధ్ర వైపు అరకు, ముంచంగిపుట్టు దాకా. అందుకని సరిహద్దు అవతల కూడా తిరగాలి. ఆ పేజీల్లో పేర్లు లేని భాగాన్ని ఒడియా, తెలుగు, బెంగాలీల్లో అచ్చువేసి ఆయా పంచాయతీలకు ఇవ్వండి. జర్నల్ పేపర్ తర్వాత రాయొచ్చు.

రికార్డు రూములో దొరికిన పరిహారం జాబితా నకలు కావాలని ఊరివాళ్లు అడుగుతారు. ఇవ్వండి, ఎక్కడి నుంచి తీసుకున్నారో కూడా రాసివ్వండి. కానీ కేసులు మీరు వేయకండి. జిల్లా న్యాయసేవల సంస్థకు వాళ్లను తీసుకెళ్లి పరిచయం చేస్తే చాలు, ఉచిత న్యాయసాయం ఇవ్వడం వాళ్ల పనే.

ఫీల్డు నవంబరు నుంచి మే మధ్య దాకా పెట్టుకోండి. వానాకాలంలో చిత్రకొండ వైపు కొన్ని దారులు తెగిపోతాయి, వరినాట్లప్పుడు ఎవరికీ మీతో కూర్చునే తీరిక ఉండదు. జూన్ నుంచి అక్టోబరు దాకా స్కాన్లు సర్దడం, రికార్డింగులు రాతలో పెట్టడం, చెన్నై వెళ్లిరావడం. సంత రోజు ఊళ్లో ఎవరూ ఉండరు గనక ఏ ఊరికి ఏ వారం సంతో గోడ మీద రాసి పెట్టుకోండి.

ఎంఏలో ఒక ఐచ్ఛిక పేపరు రెండో ఏడాది చాలు. ఊళ్ల రిజిస్టరు చేతిలో ఉంటే సిలబస్ అదే వస్తుంది.

కేంద్రం పెట్టినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు బదిలీ అవుతారు, లేదా మంచి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతారు. ఆ రోజు కోసం మొదటి నెల నుంచే అప్పగింత పుస్తకం ఒకటి నడపండి. స్కాన్లు ఏ హార్డ్‌డిస్కులో ఉన్నాయి, కోడ్ షీటు పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది, ఏ కలెక్టరు ఏ తేదీన ఏ అనుమతి ఇచ్చారు, ఏ ఊరికి నకళ్లు ఇస్తామని మాటిచ్చి ఇంకా ఇవ్వలేదు అన్నీ అందులో ఉండాలి. రెండో కాపీ యూనివర్సిటీ లైబ్రేరియన్ దగ్గర ఉంచి, ఆరు నెలలకోసారి ఇద్దరూ కూర్చుని సరిచూసుకుని సంతకాలు పెట్టుకోండి.